మా గూడుబండి

గృహస్థునకు ఇల్లొకచోటను, పొలమొకచోటను, మ్రొక్కుకొన్న వేలుపు మఱియొకచోటను ఉండుట లోకములో సామాన్యము. పొలమునకు నడచి పోవచ్చును. వేలుపు చెంతకు పోవలెనన్నచో ముసలివారిని, పసివారిని, వంటపాత్రలను, పడక బట్టలను వెంటగొని పోవలసి వచ్చును. త్రోవలో వర్షము కురియవచ్చును. సత్రములో చోటు దొరకకపోవచ్చును. ఈ చిక్కునకు మన పెద్దలు కనిపెట్టిన ఉపాయము గూడుబండి. రెండు చక్రములు, ఒక ఇరుసు, పైన వెదురు బద్దల కమాను, దానిమీద చాప. ఎడ్లను విప్పి నొగలకు ఆనుకఱ్ఱ పెట్టినచో అదియే ఇల్లు. మరల కాడి కట్టినచో అదియే వాహనము.

ఇప్పుడు విదేశములలో మోటారుకారు వెనుక తగిలించుకొని పోవు చిన్న ఇండ్లు కలవు. వానిని క్యాంపర్ ట్రెయిలరులందురు. అందు పడక, పొయ్యి, నీళ్లతొట్టి, దీపము అన్నియు నుండును. మన సంచిక చదువరులలో అమెరికాలో బిడ్డలున్నవారు పెక్కుమంది వానిని ఛాయాచిత్రములలోనైనను చూచియే యుందురు. ఈ వేడుక అక్కడను మిక్కిలి పాతది కాదు. 1885లో గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లాండు దేశీయుడు, నౌకాదళములో వైద్యుడుగా పనిచేసి విరమించినవాడు, 'వాండరర్' అను పేరుతో ఒక ఇంటిబండిని కట్టించుకొని, రెండు గుఱ్ఱములను పూన్చి ఇంగ్లండునుండి స్కాట్లాండువఱకు విహారయాత్ర చేసెను. ఇరుకు దారులలో ఎదురు వచ్చువారిని హెచ్చరించుటకు అతని సేవకుడు మూడు చక్రముల సైకిలుపై ముందు పోవుచుండెనట. విహారము కొఱకే కట్టిన మొదటి ఇంటిబండి యదియే యని అచ్చటివారు చెప్పుకొందురు. 1907 నాటికి అట్టి బండ్లు గలవారు ఇంగ్లండులో ఒక సంఘమునే స్థాపించుకొనిరి. పింఛనుదారుడు బండి కట్టుకొని ఊరూర తిరిగెనని చదివినపుడు నాకు, నేనును పింఛనుదారుడనే గనుక, కొంత అసూయ కలిగినమాట నిజము. కాని మనవారికి గూడుబండి విహారము కొఱకు పుట్టినది కాదు. పెండ్లికి, తీర్థమునకు, కాన్పునకు, సంతకు, ఒక్కొక్కప్పుడు ఆసుపత్రికి అదియే శరణ్యము.

మా బండిని మా తాతగారు 1953లో కట్టించిరి. అప్పుడు మా మత్తూరు సేలము జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడగా ఇందు చేరినది. బండి ఉన్నచోటనే యుండి మూడు జిల్లాలను చూచినది. చక్రములకు తుమ్మకొయ్య, అడుగు పలకలకు వేప, గూటికి ఎదిగిన వెదురు. తుమ్మను కొట్టిన వెంటనే పని చేయరాదు. దుంగలను చెఱువులో కొన్నినెలలు నానవైచి, తీసి, నీడను ఆరబెట్టి, అటుపిమ్మట ఉలి తగిలింపవలెను. మా ఊరి ఆచారి ఇట్లు ఆరిన కొయ్యను వ్రేలితో కొట్టి, చెవి దగ్గఱ పెట్టుకొని విని, అప్పుడు సరే యనువాడట. తొందరపడినవారి చక్రములు రెండవ వేసవిలోనే వదులై కిఱ్ఱుమనును.

చక్రమునకు నడుమ కుండ, దానినుండి వెలువడు ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు అను వంపుకొయ్యలు, అన్నిటిని బిగించి పట్టు ఇనుప పట్టా. ఈ పట్టా వేయుట చూడదగిన పని. నేను చిన్ననాట రెండు మారులు చూచితిని. కమ్మరి పట్టాను చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా చేయును. అట్లు చేసిన పట్టా మామూలుగా చక్రమునకు ఎక్కదు. దానిని నేలపై పఱచి, చుట్టును పిడకలు పేర్చి నిప్పు పెట్టుదురు. పట్టా ఎఱ్ఱగా కాలి సాగును. అప్పుడు నలుగురు పెద్ద పట్టుకారులతో దానిని ఎత్తి, నేలకు పడుకొనబెట్టిన చక్రముపై దింపి, సుత్తులతో నలుదిక్కుల కొట్టుదురు. కొయ్య భగ్గున మండును. వెంటనే కుండలతో నీళ్లు పోయుదురు. ఇనుము చల్లారి ముడుచుకొనుచు ఆకులను, పూటీలను, కుండను ఒక్కటిగా బిగించును. ఆ సమయమున చక్రమునుండి టకటకమని శబ్దములు వచ్చును. అతుకులన్నియు ఒకదానిలోనొకటి కూర్చుండు శబ్దమది. మేకులేవియు లేకయే నలుబది యేండ్లు నిలుచు బిగింపు ఇది. ఉష్ణము వలన లోహము వ్యాకోచించునని తరువాత పాఠశాలలో మాకు ఉపాధ్యాయులు ఇనుప గుండును, వలయమును చూపి బోధించిరి. తరగతిలో సగముమందికి ఆ సంగతి కమ్మరి కొలిమివద్దనే తెలిసియుండెను.

వేసవి ముదిరినప్పుడు కొయ్య ఎండి కుంచించుకొనును, పట్టా వదులగును. అందుకు మందు నీరే. చక్రములను ఊడదీసి చెఱువు అంచున ఒక రాత్రి నానబెట్టుదురు. నీరు లేని యేడు తడిపిన గోనెలు చుట్టుదురు. ఇక కందెన సంగతి. ఆముదములో కాల్చిన గడ్డి మసి కలిపి మెత్తగా నూరి వెదురు గొట్టములో నింపి బండి క్రింద వ్రేలాడదీయుదురు. దూరప్రయాణమునకు ముందు తప్పక, ఆ పిమ్మట ప్రతి మజిలీలోను, కడశీల లాగి చక్రమును కొంచెము వెలికి జరిపి ఇరుసునకు కందెన పూయవలెను. కందెన లేని యిరుసు మొదట ఏడ్చును, పిదప పొగలు గ్రక్కును, పిమ్మట విఱుగును. 'ఇరుసున కందెన పెట్టక' బండి సాగదను మాట మన భాషలో సామెతయై పోయినది. సామెత చెప్పువారిలో కందెన చేతికి అంటినవారు ఇప్పుడు ఎందఱు?

గూటిమీది ఈతచాపలను రెండేండ్లకొకమారు మార్చవలెను. చాపకు చాప ఆనుచోట నీరు దిగును. అందుచేత ముందరి చాప అంచు వెనుక చాపమీదికి వచ్చునట్లు వేయవలెను. గాలి ఎదురుగా వీచినప్పుడు వాన లోనికి జొరకుండుటకు ఇదియే కిటుకు. మా తాతగారు దానిపై తారు పూసిన గోనెపట్టా నొకదానిని కూడ కప్పించిరి. అది చూపునకు బాగుండలేదని మా నాయనమ్మ సణుగుచుండెడిదట గాని, కార్తికమాసపు వానలలో లోపల పొడిగా కూర్చున్నప్పుడు మాత్రము ఏమియు అనలేదట.

ఎడ్ల పోషణము వేఱొక శాస్త్రము. మా జతలో ఒకటి ఆలంబాడి జాతిది, రెండవది హళ్లికారు. ఆలంబాడి యనునది కావేరి యొడ్డున పెన్నాగరము ప్రాంతపు జాతి, హళ్లికారు మైసూరుసీమది. బర్గూరు ఎడ్లని పేరుపొందిన మఱియొక జాతి కలదు; అది ఈరోడు జిల్లాలోని బర్గూరు కొండలది గాని మన కృష్ణగిరి ప్రక్కనున్న బర్గూరుది కాదు. ఈ సంగతి తెలియక సంతలో మోసపోయినవారు కలరు. ఎడ్లకు ఉడికించిన ఉలవలు, తవుడు, వేరుసెనగ చెక్క. ప్రయాణమునకు ముందు క్రొత్త లాడములు. బండిని కొనుట ఒకనాటి ఖర్చు, ఎడ్లను పోషించుట నిత్యపు ఖర్చు. ట్రెయిలరు గలవారు పెట్రోలు ధరను గూర్చి చేయు ఫిర్యాదులు విన్నప్పుడు నాకు మా నాయన ఉలవల లెక్క జ్ఞప్తికి వచ్చును. పెట్రోలు బండి ఇంట నిలిచియున్న దినమున ఏమియు తినదు.

బండికి పన్ను కూడ ఉండెడిది. 1958 నాటి మద్రాసు పంచాయతీల చట్టము ప్రకారము పంచాయతీలు వాహనపు పన్ను వసూలు చేయుచుండెను. పన్ను కట్టినవారికి ఒక తగరపు బిళ్ల ఇచ్చెదరు. దానిని నొగకు మేకుతో కొట్టుకొనవలెను. నేను 1979లో గుమాస్తాగా చేరిన తొలినాళ్లలో ఆ పద్దులు నా చేతనే వ్రాయబడినవి. మొదటి పుస్తకములో ఎద్దుబండ్లు పుటలు పుటలుగా నుండెను. ఏడేడు అవి తగ్గి సైకిళ్లు పెరిగినవి. ఊరు మారుట చరిత్రకారునికి ఆలస్యముగా తెలియును. పద్దు వ్రాయు గుమాస్తాకు ఆ మార్చి నెలాఖరునే తెలియును.

ఇక ప్రయాణము. మాకు ఏటేట జరిగెడి పెద్దయాత్ర తిరువణ్ణామలై కార్తికదీపము. మత్తూరునుండి ఊత్తంగరై, సింగారపేట, చెంగము మీదుగా మార్గము. ఇప్పుడు బస్సులో రెండు గంటల పని. బండిలో మూడు రాత్రులు. పగలు ఎండలో ఎడ్లు అలయును గనుక, తెల్లవాఱుజామునను, సాయంకాలము మొదలుకొని నడిరేయి వఱకును నడిపెదరు. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకంటె సాగదు. మా బండి ఒక్కటియే పోదు. ఊరినుండి ఎనిమిదో పదో బండ్లు వరుసకట్టును. ముందు బండి క్రింద హరికేన్ లాంతరు. వెనుక బండ్ల ఎడ్లు ఆ వెలుతురును పట్టుకొని నడచును. తోలువాడు కునుకు తీసినను అవి త్రోవ తప్పవు. లోపల వరిగడ్డి పఱచి, దానిపై భవాని జంబుఖానా, దానిపై మేము. అడుగున కట్టిన వలలో ఎడ్లమేత, వెనుక కొక్కెమునకు నీళ్ల బిందె.

ఎద్దుబండిని గూర్చి వ్రాయువారు తఱచుగా వెన్నెలను, గంటల సవ్వడిని వర్ణింతురు. నడుము నొప్పిని వర్ణింపరు. ఇనుప పట్టా చక్రము ప్రతి రాతిని ప్రయాణికుని వెన్నెముకకు విన్నవించును. మొదటి రాత్రి ఎవరికిని నిద్ర పట్టదు. రెండవ రాత్రి అలసటచేత పట్టును. మా అమ్మకు మాత్రము ఏ రాత్రియు పట్టలేదు. బండి ఆగిన మఱుక్షణమున ఆమె దిగి మూడు రాళ్లు వెదకవలెను, తడిసిన పుల్లలు ఊదవలెను. మగవారు ఎడ్లను చెఱువునకు తోలి కాళ్లు చాపుకొందురు. ఇంటిని వెంట తీసికొనిపోవుట యన్నచో ఇంటి పనిని కూడ వెంట తీసికొనిపోవుటయే యని ఆమె ఒకమారు నవ్వుచు అన్నది. ఆ నవ్వులో సగమే నవ్వు.

సింగారపేట దాటిన తరువాత ఎడమచేతి వైపున జవ్వాది కొండలు కనబడును. ఆ కనుమ త్రోవ పూర్వము బారామహలునుండి కర్ణాటకమునకు సేనలు దిగిన త్రోవ. 1767లో చెంగము దగ్గఱ హైదరాలీకిని ఇంగ్లీషు కుంపిణీకిని యుద్ధము జరిగినది. ఆ సేనల వెంట ఎన్ని వేల ఎద్దుబండ్లు నడచియుండునో! ఆనాటి ఫిరంగులను లాగినవియు ఎడ్లే. చరిత్ర పుస్తకములలో సేనానుల పేర్లు కలవు. చెంగము దగ్గఱ చెయ్యేటిలో నీరున్న యేడు బండ్లను ఒక్కొక్కటిగా దాటింపవలెను. ఒడ్డెక్కువేళ అందఱును దిగి చక్రపు ఆకులు పట్టి నెట్టుదురు. తిరువణ్ణామలైలో దీపమునకు ముందునుండియే పశువుల సంత జరుగును. ఊరి వెలుపలి పొలములలో కనుచూపు మేర గూడుబండ్లు. ఒక్క రాత్రికి ఒక ఊరు మొలచినట్లుండును. కొండమీద దీపము వెలుగగానే ఆ బండ్లన్నిటి నొగల చెంత చిన్ని చిన్ని ప్రమిదలు వెలుగును. అది 1972 వఱకు నేను చూచితిని. ఆ మఱుసటి యేడు మా ఇంటివారు బస్సులో పోయిరి.

బండి తోలువాని నేర్పు అంతయు బరువు సర్దుటలో నున్నది. రెండు చక్రముల బండికి ఇరుసే త్రాసుముల్లు. బరువు ఇరుసునకు ముందు ఎక్కువైనచో కాడి ఎడ్ల మెడలను నలుపును, పుండ్లు పడును. వెనుక ఎక్కువైనచో నొగలు పైకి లేచును. కాడిని మెడకు కట్టిన పట్టెడ గొంతును బిగించి ఎడ్లకు ఊపిరాడదు. మొత్తము మీద కొంచెము ముందు మొగ్గు ఉండవలెను, అదియు చేతితో నొగ నెత్తిచూచి తెలిసికొనునంత మాత్రమే. ఎక్కుడు వచ్చినప్పుడు బరువు తనంతట వెనుకకు పోవును గనుక తోలువాడు నొగమీదికి జరుగును, లోపలివారు ముందుకు వత్తురు. దిగుడు వచ్చినప్పుడు వెనుకకు. మా అన్నగారు తోలునపుడు, "ముందుకు రాండి", "ఎనక్కి పోండి" అని కేకలు వేయుచుండెడివారు. మేము నిద్రలోనే జరుగుచుంటిమి.

అన్నగారికిప్పుడు ఎనుబదిరెండేండ్లు. మా తమ్ముని కుమారుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రమున ఉద్యోగము చేయుచు, మూడేండ్ల క్రిందట ఒక చిన్న ట్రెయిలరును కొనెను. ఖాళీగా సుమారు 1500 పౌనుల తూకము. ఇద్దఱు పెద్దలు, ఒక బిడ్డ పండుకొనవచ్చును. మొదటి యాత్రలో వేగరహదారిపై ట్రెయిలరు ఉన్నట్టుండి పాము తోకవలె ఇటునటు ఊగనారంభించెనట. కారు కూడ దానితో ఊగినది. కుమార్తె వెనుక సీటులో ఏడ్చుచుండెను. అతడు త్వరితము తగ్గించి, ఎట్లో రహదారి అంచున నిలిపెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ రాత్రి బస నుండియే మాకు ఫోను చేసెను. గొంతు ఇంకను వణకుచుండెను. గాలి వలన ఊగినదో, టైరు చెడినదో అతనికి తెలియలేదు. ప్రక్కన కూర్చున్న అన్నగారు అంతయు వినిరి. ఆయన కారు నడిపినవారు కారు, ట్రెయిలరును కంటితో చూచినవారు కారు.

"ఏమిరా, ఎనక బరువు ఏసుకుంటివా?" అని అడిగిరి.

అవతల కొంచెముసేపు మాట లేదు. "నీళ్ల డబ్బాలు, సైకిళ్లు ఎనకనే కడితిని, పెద్దనాయనా. ముందర పెట్టె ఖాళీగానే ఉండె."

"నొగ ఎత్తి చూసుకోలేదా? ముందరికి మొగ్గు ఉండల్ల. సైకిళ్లు తీసి ముందరికి మార్చుకో. బిడ్డను ఏడవద్దని చెప్పు."

మఱునాడు అతడు అట్లే మార్చుకొని నూట యేబది మైళ్లు క్షేమముగా ఇల్లు చేరెను. తరువాత విచారింపగా, ట్రెయిలరు మొత్తపు బరువులో నూటికి పది మొదలు పదునైదు వంతులు ముందరి కొక్కెముపై పడవలెనని, అంతకు తగ్గినచో వెనుకభాగము ఊగునని అక్కడి నియమ పుస్తకములలో నున్నదట. ఎద్దుకైనచో గొంతు బిగియును, కారునకైనచో తోక ఊగును. త్రాసు మాత్రము ఒక్కటియే. అన్నగారికి ఆ లెక్క చెప్పగా, "పదో పదైదో నాకు తెలీదు. ఎత్తితే చెయ్యికి తెలుస్తుంది" అనిరి.

అప్పటినుండి ఆ కుఱ్ఱవాడు ట్రెయిలరు సంగతులన్నియు ఆయనకు నివేదించుచుండును. వినుచుండగా నాకు ఆశ్చర్యము కలుగును. ఏడాదికొకమారు చక్రములు ఊడదీసి బేరింగులకు క్రొత్త కందెన నింపవలెనట. పైకప్పు అతుకులలో పూసిన జిగురు ఎండకు పగులునట. చూచుకొనకున్నచో వాననీరు దిగి లోపలి పలకలు కుళ్లునట. ఈ దిగిన నీరే ట్రెయిలరులకు మృత్యువని అక్కడివారు చెప్పుదురట. టైర్లు అరుగకున్నను ఐదాఱేండ్లకు మార్చవలెనట, నిలిచియుండుట వలననే రబ్బరు పగులును గనుక. ఎలుకలు దూరి తీగలు కొఱుకునట. మాకు లేని చిక్కు ఒక్కటే: అక్కడి చలికి గొట్టములలోని నీరు గడ్డకట్టి పగులునట, కావున శీతకాలమునకు ముందు నీరంతయు తీసివేయవలెనట. "కందెన, కప్పు, చక్రము, ఎలుక. పేరు ఏదైతే ఏమి, బండి బండే" అని అన్నగారు తేల్చిరి.

పోయిన డిసెంబరులో అతడు కుటుంబముతో వచ్చినప్పుడు ఆ బిడ్డ, ఇప్పుడు పదేండ్లది, మా కొట్టములోని బండిని చూచి, "ఇది తాతగారి ట్రెయిలరా?" అని అడిగినది. తెలుగు చక్కగానే మాటాడును, ఇంట నేర్పినారు. మా మనుమడు, పండ్రెండేండ్లవాడు, ఆమెకు బండి చూపుటకు పూనుకొనెను. అక్కడ నాకొక సంగతి తెలిసినది. చక్రము తప్ప దేని పేరును వానికి రాదు. కాడిని 'నుగత్తడి' యనెను, కడశీలను 'కడైయాణి' యనెను, ఇరుసును 'అచ్చు' అనెను. అవియు మంచి మాటలే. అరవములో అవియే సరియైన మాటలు. హోసూరు వైపు మన చుట్టములు కందెనను కన్నడములో 'కీలెణ్ణె' యందురు. మూడు భాషల సీమ మనది, బండి మూడింటను నడచినది. కాని వీడు తెలుగు మాట విడిచి అరవపు మాట పట్టినవాడు కాడు, తెలుగు మాట వానికి ఎవరును చెప్పనేలేదు. 2006 నాటి చట్టము తరువాత మన జిల్లా పిల్లలకు అరవము తప్పనిసరి పాఠమైనది. వారు దానిని నేర్చుట నాకును ఇష్టమే, ఉన్న ఊరి భాష రావలెను. బడి నేర్పని తెలుగును ఇల్లు నేర్పవలెను గదా! ఇంటిలో అన్నము, కూర, చొక్కా, పండుగ అను మాటలు నిలిచినవి, ఎందుకనగా ఆ వస్తువులు నిలిచినవి. నొగ, పలుపు, ముకుత్రాడు, పూటీ — వస్తువు పోయినచో మాట నిలుచుటకు చోటెక్కడ?

ఆ దినమున అన్నగారు ఇద్దఱు పిల్లలను బండి చుట్టును త్రిప్పి, ఒక్కొక్క భాగమును చేతితో తాకించి పేరు చెప్పించిరి. అమెరికా పిల్ల ఒక కాగితముపై బండి బొమ్మ గీసి, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొన్నది. మా మనుమడు దానిని చూచి, వానికి వచ్చిన లిపిలో, అనగా అరవములో, వ్రాసికొన్నాడు. 'ఇరుసు' అని అరవలిపిలో వ్రాసియున్న ఆ కాగితము మా పూజగది తలుపునకు అంటించియున్నది.

ఈ బండిని అమ్ముడని రెండు మారులు అడిగినారు. రహదారిపై భోజనశాల కట్టు పెద్దమనుష్యుడొకడు చక్రములు రెండింటిని మాత్రము కోరెను. గోడకు ఆనించి విద్యుద్దీపములు చుట్టునట. మంచి ధరయే చెప్పెను. ఇంటిలో అభిప్రాయభేదము కలిగినది. మా తమ్ముడు అమ్మవచ్చుననెను. అతని వాదములో న్యాయము లేకపోలేదు: ఎడ్లు లేవు, తోలువాడు లేడు, కొట్టము చోటు ఆక్రమించుచున్నది, చెద పట్టుచున్నది. పూర్వపు బండి ఎడ్లకు సుఖము కాదనియు అతడనెను. అదియు నిజమే. బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటు సంచాలకులుగా నుండిన ఎన్.ఎస్. రామస్వామిగారు ఎద్దుబండిని సంస్కరింపవలెనని దీర్ఘకాలము కృషి చేసిరి. మెడను ఒఱయు కాడి, బరువైన చక్రము పశువును ఎట్లు బాధించునో వారు చెప్పిన పిదపనే చదువుకొన్నవారు గమనించిరి. రబ్బరు టైర్ల బండ్లు వచ్చిన తరువాత అదే జత ఎడ్లు తక్కువ శ్రమతో ఎక్కువ బరువు లాగినమాట మా సీమలో అందఱెఱిగినదే. పాతది గనుక గొప్పదని నేనును అనను. అన్నగారు వాదములో పాల్గొనలేదు. "నేనుండేవరకు ఉండనీ" అని మాత్రమనిరి. ఆ మాటపై ఎవరును బదులు పలుకలేదు.

కాని ఉంచినచో ఊరక ఉంచుట ఆయనకు ఇష్టము లేదు. కుడి చక్రమున రెండు ఆకులు పుచ్చినవి, పట్టా వదులైనది, గూడు ఎలుకల పాలైనది. పోచంపల్లి సంతకు పోయిన ఆదివారములలో నేను విచారింపగా, చక్రము కట్టగల ఆచారి ఒక్కడు దొరికెను, అరువదియేండ్లవాడు. ఇప్పుడు తలుపులు, మంచములు చేయుచున్నాడు. పూర్వము తండ్రితో కూడి చక్రములు కట్టినాడట. వచ్చి చూచి, చక్రపు కుండ మీద వ్రేలితో కొట్టి విని, "ఇది ఇంకా ఉంటుంది సామీ, ఆకులే మార్చల్ల" అనెను. ఎండిన తుమ్మ ఇప్పుడు దొరకదు. మా పొలము గట్టుమీది చెట్టునే కొట్టి చెఱువులో వైచితిమి. ఒహాయోనుండి కుఱ్ఱవాడు ఖర్చులో సగము పంపెను. తమ్ముడు, అమ్మవలెనన్నవాడే, ఈతచాపలు తెచ్చి ఇచ్చినాడు.

కొయ్య నానుట ముగిసి ఈ నెల ఆరుచున్నది. పట్టా కాల్చి వేయుటకు పిడకలు నిలువ చేసినాము. ఆ దినమున మనుమని బడికి పంపనని కోడలితో ముందే చెప్పియుంచితిని. కార్తికదీపమునకు తిరువణ్ణామలై వఱకు పోవు శక్తి అన్నగారికి లేదు, రహదారిపై లారీల నడుమ పోవుటయు క్షేమము కాదు. చెఱువు కట్ట మీదుగా గ్రామదేవత గుడి వఱకైనను ఒకమారు కట్టవలెనని ఆయన కోరిక. ప్రక్క ఊరి రైతు జత ఎడ్లను ఇత్తుననెను. అవి టైరు బండికి అలవాటుపడినవి, ఈ కాడిని ఒప్పుకొనునో లేదో ముందుగా ఒక సాయంకాలము కట్టి చూడవలెను. ఎడమ చక్రపు కడశీల ఒకటి కనబడలేదు. కమ్మరికి కొలత పంపితిమి.